మెట్టిన ఊరి మీద బెంగ

ప్రశ్న: అక్కా, మాది తెనాలి. పెళ్లయ్యాక ఏడేళ్లు బెర్లిన్‌లో ఉన్నాం. బాబు అక్కడే పుట్టాడు, ఇప్పుడు వాడికి ఆరేళ్లు. మామగారి ఆరోగ్యం బాగాలేక 14 నెలల క్రితం బెంగళూరు వచ్చేశాం. అత్తగారిని, మామగారిని నరసరావుపేట నుంచి ఇక్కడికే తీసుకొచ్చాం. వైట్‌ఫీల్డ్‌లో పదమూడో అంతస్తు. పనమ్మాయి ఉంది, వంటావిడ ఉంది, చుట్టూ తెలుగువాళ్లే, ఏ లోటూ లేదు. కానీ రోజూ బెర్లిన్ గుర్తొస్తుంది. పెద్ద విషయాలేం కాదు. మా వీధి చివర బేకరీ ఆవిడ, కాలువ పక్కన మంగళవారం జరిగే టర్కీవాళ్ల సంత, ఆదివారం నిశ్శబ్దం, రాత్రి పదకొండింటికి స్టేషన్ నుంచి ఒక్కదాన్నే ఇంటికి నడిచి రావడం, బాబుతో కలిసి ఖాళీ సీసాలు దుకాణంలోని మెషీన్‌లో వేసి, వాటి డిపాజిట్ డబ్బుకు చీటీ తీసుకోవడం. కష్టపడి జర్మన్ నేర్చుకున్నాను, ఇప్పుడు మాట్లాడటానికి ఎవరూ లేరు. ఫోన్‌లో ఇప్పటికీ అక్కడి వాతావరణం చూస్తుంటాను. మొన్న పాత కోటు సర్దుతుంటే జేబులో ఆ సీసాల చీటీ దొరికింది, 1 యూరో 75 సెంట్లు. వంటింట్లో కింద కూర్చుని ఏడ్చాను. అత్తగారు చూసి ‘ఇంకా ఆ జర్మనీ పిచ్చి వదల్లేదా’ అన్నారు. మా ఆయన ‘మన దేశానికి వచ్చేశాం కదా, ఇంకేం కావాలి’ అంటారు. నాకేం కావాలో నాకే తెలియడం లేదు. నేను కృతఘ్నురాలినా? ఆ చీటీ పారేయమంటారా?

జవాబు:

అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే పిలుస్తాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి పెన్సిల్ పట్టుకుని, నీకు గుర్తొచ్చేవాటన్నిటి కిందా గీతలు గీశాను. ఏడేళ్లున్న ఊరు, కూలిన గోడ ముక్కల దగ్గర, ఆ పెద్ద గేటు దగ్గర లోకమంతా వచ్చి ఫొటోలు దిగే ఊరు. నీ ఉత్తరంలో వాటి ఊసే లేదు. బేకరీ ఉంది, సంత ఉంది, ఖాళీ సీసాలున్నాయి.

పుట్టింటి మీద బెంగ పెట్టుకుంటే మన ఇళ్లలో అందరికీ అర్థమవుతుంది. ఆషాఢానికి పంపిస్తారు, సంక్రాంతికి పంపిస్తారు, ఏడిస్తే దగ్గరకు తీసుకుంటారు. మెట్టినింటి మీద బెంగ అంటే మాత్రం ఎవరికీ ఏం అనాలో తోచదు, ఎందుకంటే మెట్టిన చోటు నుంచి వెనక్కి రావడమనే మాటే మన లెక్కలో లేదు. బెర్లిన్ నీకు మెట్టిన ఊరు. అక్కడ కాపురం పెట్టావు, పురుడు పోసుకున్నావు, భాష నేర్చుకున్నావు. అన్నం పెట్టిన ఊరిని మర్చిపోతే దాన్ని కృతఘ్నత అంటారు. నువ్వు మర్చిపోలేక ఏడుస్తున్నావు. ఆ మాట నీ మీద నువ్వు ఇంకెప్పుడూ వాడకు.

నా సంగతి ఒకటి చెబుతాను. నేను తొమ్మిదేళ్లు సింగపూర్‌లో ఉండి ఈ బెంగళూరులోనే మల్లేశ్వరం వచ్చాను. అక్కడ మా బ్లాక్ కింద ఒక కాఫీ కొట్టు, అందులో ఒక చైనా ముసలాయన. మేం లిఫ్ట్ దిగి వస్తుంటే దూరం నుంచే చూసి, నేను అడగకముందే చక్కెర తక్కువ వేసి కాఫీ కలిపేవాడు. పార్సిల్ అయితే సన్నటి ప్లాస్టిక్ సంచిలో పోసి తాడు బిగించి ఇచ్చేవాడు, ఆ తాడు వేలికి తగిలించుకుని బస్టాపు దాకా నడిచేదాన్ని, సంచి మోకాలికి తగిలి వెచ్చగా ఉండేది. ఆయన పేరు నాకు తెలీదు, నా పేరు ఆయనకు తెలీదు. తిరిగొచ్చిన మొదటి ఏడాది నేను స్నేహితుల కోసం ఏడవలేదు, వాళ్లు ఫోన్లు చేసేవాళ్లు. ఆయన కోసం ఏడ్చాను. పేరు కూడా తెలియని మనిషికి ఫోన్ ఎలా చేస్తాం?

స్నేహితులను వెంట తెచ్చుకోవచ్చు, సామాను తెచ్చుకోవచ్చు, రోజువారీ బతుకును మాత్రం తెచ్చుకోలేం. అది ఆ వీధికి, ఆ వేళకు, ఆ మనుషులకు అతుక్కుని ఉంటుంది. అందుకే నీకు గుర్తొచ్చేవన్నీ అంత చిన్నవి.

ఆ సీసాల మెషీన్ నేనూ చూశాను. మా అమ్మాయి బెర్లిన్‌లో చదువుకుంటున్నప్పుడు రెండు వేసవులు వెళ్లి ఉన్నాను. ఖాళీ నీళ్ల సీసాను చేత్తో నొక్కేసి పారేయడం మనకు ఇక్కడ అలవాటు కదా, అలాగే నొక్కేసి ఆ గుండ్రటి కంతలో పెట్టాను. మెషీన్ దాన్ని లోపల తిప్పి తిప్పి చూసి బయటకు తోసేసింది. వెనకాల నిలబడ్డ పదేళ్ల పిల్లాడు నా చేతిలోంచి తీసుకుని, మూత విప్పి, నోటితో గాలి ఊది సొట్ట పోగొట్టి, అడుగు భాగం ముందుకు వచ్చేలా మళ్లీ పెట్టాడు. ఈసారి తీసుకుంది. ఆ పిల్లాడు తల ఊపి తన సీసాల దగ్గరకు వెళ్లిపోయాడు. ఇన్నేళ్లయినా ఆ పిల్లాడి బుగ్గలు ఉబ్బడం నా కళ్లముందుంది. ఒక్క సీసాకు వెనక్కి వచ్చే 25 సెంట్ల సంగతి అది. నీ చీటీలో 1.75 అంటే ఏడు ప్లాస్టిక్ సీసాలు, బాబు ఒక్కొక్కటీ మునివేళ్ల మీద లేచి పెట్టి ఉంటాడు.

నువ్వు ఆ ఊళ్లో ఇలాంటివి ఎన్ని నేర్చుకుని ఉంటావో ఒకసారి తలుచుకో. గేట్లు లేని స్టేషన్‌లో టికెట్ మీద ముద్ర మనమే వేసుకోవాలని. శనివారం సాయంత్రం లోపు పాలు, కూరలు తెచ్చుకోకపోతే ఆదివారం అన్నీ మూసి ఉంటాయని. టర్కీ కొట్లో కొత్తిమీర, పుదీనా కట్టలు పెద్దవి దొరుకుతాయని, మాయ్‌బాఖ్ కాలువ గట్టు సంతలో మూసే వేళకు వెళితే ధర దిగుతుందని. ఇవేవీ ఎవరూ నీకు చేతికందించలేదు. తప్పులు చేసి, తిట్లు తిని, ఒక్కొక్కటీ సంపాదించుకున్నావు. అలా సంపాదించుకున్నదాని మీద మమకారం ఉండదా?

ఇప్పుడు నీకు కొంచెం కష్టంగా అనిపించే మాట ఒకటి చెప్పాలి. మీ ఆయన ‘మన దేశానికి వచ్చేశాం’ అంటున్నాడు, నువ్వూ దాన్ని ఒప్పేసుకున్నావు. కానీ నువ్వు తెనాలి రాలేదమ్మా. బెంగళూరు వచ్చావు. ఇది నీకు బెర్లిన్ ఎంత కొత్తో అంత కొత్త ఊరు. అక్కడ దిగిన రెండు వారాల్లోపు చిరునామా నమోదు చేయించుకోవాలి, కాగితాలు పట్టుకుని ఆఫీసుకు వెళ్లి ఉంటావు, ఊరు వదిలేటప్పుడు మళ్లీ పేరు తీసేయించుకుని ఉంటావు. రావడానికి ఒక రోజు, పోవడానికి ఒక రోజు, రెంటికీ కాగితం ఉంది. బెంగళూరులో నువ్వు దిగినట్టు నీకే ఎప్పుడూ అనిపించలేదు. ఎయిర్‌పోర్టు నుంచి కారెక్కి పదమూడో అంతస్తులో దిగావు, అంతే. పాలు పది నిమిషాల్లో తలుపు దగ్గరకు వస్తాయి, కూరలు అలాగే వస్తాయి, వాచ్‌మన్ తెలుగులో మాట్లాడతాడు, వంటావిడ తెలుగులో మాట్లాడుతుంది. ఆ 14 నెలల్లో నువ్వు కన్నడం ఎంత నేర్చుకున్నావో ఉత్తరంలో రాయలేదు. నేర్చుకుని ఉండవనే నా అనుమానం, ఎందుకంటే అవసరం పడి ఉండదు. పరాయి దేశం అనుకున్నావు కాబట్టి బెర్లిన్‌ను కష్టపడి సొంతం చేసుకున్నావు. సొంత దేశం అన్నారు కాబట్టి బెంగళూరును తాకనే లేదు.

అందుకని నీకిప్పుడు రెండు లోట్లున్నాయి, నువ్వు ఒకటే అనుకుంటున్నావు. బెర్లిన్ పోయింది. దాని చోట ఇంకా ఏదీ రాలేదు.

మొదటిదాని గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. రాత్రి పదకొండు గంటలకు ఆడదానివి ఒక్కదానివే, వెనక్కి తిరిగి చూసుకోకుండా, తాళంచెవులు చేతిలో ఆడించుకుంటూ ఇంటికి నడవడం నీకు ఇక్కడ దొరకదు. ఇన్నేళ్లుగా ఇక్కడున్నా నేనూ అలా నడవను. ఆదివారం డ్రిల్లింగ్ చప్పుడు లేకపోవడం దొరకదు. ఆరేళ్ల పిల్లాడు నీకంటే పది అడుగులు ముందు పరిగెత్తినా గుండె జారని ఫుట్‌పాత్ చాలా వీధుల్లో దొరకదు. ఇక్కడా అన్నీ ఉన్నాయిలే అని ఎవరన్నా అంటే నమ్మకు. ఉన్నట్టు నీకు నువ్వు నచ్చజెప్పుకోవద్దు కూడా. కొన్ని పోయాయి, వాటికి ఏడుపు రావడం న్యాయమే. ఆ నడక గురించి మీ ఆయనతో విడిగా మాట్లాడు. ‘బెర్లిన్ గుర్తొస్తోంది’ అంటే ఆయనకు ఊరి పేరే వినిపిస్తుంది. ‘రాత్రి ఒక్కదాన్నే నడవగలిగేదాన్ని, ఇప్పుడు నడవలేను’ అను, అప్పుడు ఆయనకు భార్య మాట వినిపిస్తుంది.

రెండోదానికి మాత్రం చేయగలిగింది ఉంది. ముందుగా రోజుకు ఒక్క పని ఫోన్ నుంచి వెనక్కి తీసుకో. ఒక్కటే. పాలే అనుకుందాం. పొద్దున్నే గేటు దాటి నడిచి వెళ్లి నందిని పాల బూత్‌లో రెండు ప్యాకెట్లు తెచ్చుకో, రోజూ అదే వేళకు, అదే బూత్‌కు. మొదటి నెల ఏమీ జరగదు, మధ్యలో మానేయాలనిపిస్తుంది కూడా, మానేయకు. రెండో నెలలో ఒకరోజు నువ్వు వెళ్లేసరికి ఆయన నువ్వు రోజూ తీసుకునే ప్యాకెట్లు ముందే తీసి పెట్టి ఉంటాడు. బేకరీ ఆవిడ నీకు ఒక్క రోజులో బేకరీ ఆవిడ అయ్యిందా? ఎన్ని నెలలు ఆవిడ ముఖం కూడా ఎత్తకుండా రొట్టె చేతిలో పెట్టి ఉంటుందో నీకు నాకంటే బాగా తెలుసు.

ఆ బూత్ దగ్గర తెలుగు మాట్లాడకు, కన్నడంలో మాట్లాడు. ఎంతయింది అనడానికి ‘ఎష్టాయ్తు’ అని అడుగు, చిల్లర ఉంది అనడానికి ‘చిల్లరె ఇదె’ అని చెప్పు. ఎవరన్నా ‘ఊట ఆయ్తా’ అంటే అన్నం తిన్నావా అని, ఈ ఊళ్లో అది పలకరింపు, మనవాళ్లు భోంచేశారా అన్నట్టే. లిపి మన లిపికి తోబుట్టువు, రెండు వారాలు బస్సు బోర్డులు చూస్తూ తిరిగితే కూడబలుక్కుని చదవడం వచ్చేస్తుంది. జర్మన్‌లో ఏ పదం ఆడదో, ఏది మగదో బట్టీపట్టినదానివి, నీకు ఇది ఎంతలో పని! తెలుగుతో గడిచిపోతుంది కదా అని ఈ ఊళ్లో ఇరవై ఏళ్లు గడిపేసినవాళ్లను నేను చాలామందిని చూశాను, వాళ్లలో చాలామంది ఇప్పటికీ ‘వీళ్ల ఊరు’ అనే అంటారు.

ఇంకొకటి, నెలలో ఒక్క ఆదివారమైనా కారు తీయకుండా బయటికి వెళ్లండి. మీ వైట్‌ఫీల్డ్ నుంచి మెట్రో పర్పుల్ లైన్ ఎక్కితే ఎక్కడా మారక్కర్లేకుండా కబ్బన్ పార్క్ స్టేషన్‌లో దిగొచ్చు. ఆదివారాలు పార్కు లోపలికి బండ్లను రానివ్వరు. బెర్లిన్‌లో పార్కుగా మారిన టెంపల్‌హోఫ్ పాత ఎయిర్‌పోర్టులో, ఒకప్పుడు విమానాలు దిగిన రన్‌వే మీద బాబు సైకిల్ తొక్కి ఉంటాడు, అంత ఆకాశం ఇక్కడ ఉండదు, కానీ రోడ్డు మధ్యలో పరిగెత్తే పిల్లల్ని చూస్తావు. తిరుగు ప్రయాణంలో ఇందిరానగర్‌లో దిగితే సీఎంహెచ్ రోడ్డులో మాక్స్‌ముల్లర్ భవన్ ఉంది, వారంలో తీరిక చూసుకుని అక్కడికి వెళ్లి కనుక్కో. తరగతులున్నాయి, లైబ్రరీ ఉంది, జర్మన్ మాట్లాడే మనుషులున్నారు. బాబు ఆ భాష ఎంత తొందరగా నేర్చాడో అంత తొందరగా మర్చిపోతాడు, ఆరేళ్ల వయసు అలాంటిది. రాత్రి పడుకునేముందు పది నిమిషాలు వాడికి జర్మన్‌లో కథ చదువు. మీ ఇద్దరికీ మాత్రమే తెలిసిన భాష ఒకటి ఇంట్లో ఉండటం మంచిదే, అత్తగారి ఎదుట మాత్రం అందులో గుసగుసలాడకండి.

లాల్‌బాగ్ వైపు వెళ్లినప్పుడు వాడికి ఒక రోడ్డు బోర్డు చూపించు. క్రుంబీగల్ రోడ్డు. 1865లో డ్రెస్డెన్ దగ్గర పుట్టిన జర్మన్ తోటమాలి ఆయన. లండన్ క్యూ గార్డెన్స్‌లో పనిచేసి, బరోడా వచ్చి, 1908లో మైసూరు సంస్థానానికి వచ్చాడు. 1932 దాకా లాల్‌బాగ్ బాధ్యత చూశాడు. ఒక రకం చెట్ల పూత రాలేసరికి మరో రకం పూతకు వచ్చేలా, ఏడాది పొడవునా వీధుల్లో ఏదో ఒకటి పూస్తూనే ఉండేలా చెట్లు ఎంచి నాటించాలన్న ఆలోచన ఆయనదేనని ఈ ఊరివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1956లో ఇక్కడే పోయాడు. జూన్ వస్తే బెర్లిన్ వీధుల్లో లిండెన్ పూల వాసన ఎలా ఉంటుందో, కింద నిలబెట్టిన కార్ల మీద ఆ చెట్ల జిగురు ఎలా పడుతుందో నీకు తెలుసు. ఆయనకూ అది తెలిసే ఉంటుంది కదా అని ఆ రోడ్డులో నడిచినప్పుడల్లా నాకు అనిపిస్తుంది. బోర్డు మీది పేరు బాబు చేత చదివించు. ఆ పేరును వాడు పలికినంత సరిగ్గా ఈ ఊళ్లో ఎంతమంది పలుకుతారు?

ఇక మీ అత్తగారు. నీ ఉత్తరంలో నా మనసు ఎక్కువ సేపు పట్టుకున్నది ఆవిడే. నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు, ‘నరసరావుపేట నుంచి ఇక్కడికే తీసుకొచ్చాం’ అని. ఆవిడ ఎన్నేళ్లు ఉండి ఉంటుంది ఆ వీధిలో? పొద్దున్నే వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లి ముగ్గు పెట్టి ఉంటుంది, పదమూడో అంతస్తులో వాకిలేది? కూరల బండి ఏ వేళకు వస్తుందో, ఎదురింటావిడ ఎప్పుడు బయటికి వస్తుందో, గుళ్లో గంట ఎప్పుడు వినిపిస్తుందో ఆవిడ కాళ్లకు, చెవులకు తెలిసిన ఊరు అది. నీకు ఏడేళ్లది పోయింది, ఆవిడకు బహుశా నలభై ఏళ్లది. నువ్వు కోటు జేబులో చీటీ చూసి ఏడ్చావు, ఆవిడ ఎప్పుడు ఎక్కడ ఏడ్చిందో ఎవరూ చూసి ఉండరు. ‘జర్మనీ పిచ్చి’ అన్నది నీమీద కోపంతోనే అనుకుంటున్నావా? తనకు అలా కూర్చుని ఏడ్చే వీల్లేదన్న బాధ కూడా ఆ మాటలో ఉందేమో. ఈ మాట ఆవిడ ముందు అనకు, అడగడం మాత్రం అడుగు. మధ్యాహ్నం అన్నాలయ్యాక పక్కన కూర్చుని, ‘అత్తయ్యా, మన పేటలో కూరలబ్బాయి ఎన్నింటికి వచ్చేవాడు?’ అని అడుగు. ఊరికే అంతే. ఆవిడ మొదలుపెడితే మధ్యలో బెర్లిన్ తేకు, ఆ రోజు మొత్తం ఆవిడది. మీ సంత గురించి రెండు రోజులాగి ఆవిడే అడుగుతుంది, అడక్కపోయినా పర్వాలేదు.

పాల బూత్‌కు ఆవిడనూ రమ్మను. మోకాళ్లు నొప్పులంటే గేటు దాకా అయినా రమ్మను. కార్తీకమాసం ఆఖరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె జరుగుతుంది, వేరుశనక్కాయలు రోడ్డుకు అటూ ఇటూ గుట్టలు పోసి అమ్ముతారు, బసవన్న గుడి ముందు. కార్తీక సోమవారం, నంది, వేరుశనక్కాయలు, ఆవిడకు ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు. ఈ ఊరు ఆవిడకూ కొత్తే, ఇద్దరూ కలిసి నేర్చుకోవచ్చు. మీ ఇంట్లో నీ బాధ తెలిసిన మనిషి ఎవరన్నా ఉంటే అది ఆవిడే.

ఒక్క జాగ్రత్త. అప్పుడప్పుడు ఏడుపు రావడం వేరు, వారాల తరబడి నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, బాబు మీద కూడా మనసు పోకపోవడం వేరు. అలాంటిది ఉంటే దాన్ని బెంగ అని సరిపెట్టుకోకు, 14416కు ఫోన్ చెయ్యి. అది మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, టెలీమానస్, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ ఊళ్లోనే మానసిక వైద్యం చేసే నిమ్‌హాన్స్ ఆసుపత్రి కూడా ఉంది.

బెర్లిన్ ఒకసారి వెళ్లి రావాలా అని నువ్వు అడగలేదు కానీ అడుగుతావు. వెళ్లు, ఈ ఏడాది మాత్రం వద్దు. నేను తొందరపడి ఎనిమిది నెలలకే సింగపూర్ వెళ్లాను. ఆ కాఫీ కొట్లో వేరే కుర్రాడు ఉన్నాడు. హోటల్ గదిలో దిగి, మన వీధికి మనం చుట్టంలా వెళ్లడం చాలా బాధగా ఉంటుంది, చేతిలో సంచి లేదు, తాళంచెవి లేదు, ఎక్కడికీ ఆలస్యం కావడం లేదు. ఇక్కడ నీకంటూ ఒక పాల బూత్, ఒక రోడ్డు, నాలుగు కన్నడం ముక్కలు ఏర్పడ్డాక వెళ్లు. వెళ్లినప్పుడు మీ పాత వీధి దగ్గరే ఒక వారం గది తీసుకుని, పొద్దున్నే వెళ్లి ఆ బేకరీలో రొట్టె కొనుక్కో. ఫోన్‌లో వాతావరణం చూడటం మానక్కర్లేదు, కూతురు ఉన్న ఊరిని నేనూ అలాగే చూసేదాన్ని.

చీటీ పారేయకు. నాకు తెలిసినంతలో అక్కడ అలాంటి చీటీ, ఇచ్చిన సంవత్సరం ముగిశాక కూడా మూడేళ్లు చెల్లుతుంది, కాబట్టి అది ఇప్పటికీ డబ్బే. ఏ దుకాణం ఇచ్చిందో అక్కడే ఇవ్వాలి. కాకపోతే అది వేడికి అక్షరాలు పడే కాగితం, వెలుతురు తగిలితే అచ్చు వెలిసిపోతుంది. దాచుకుందామని లామినేషన్ చేయించకు, ఆ వేడికి మొత్తం నల్లబడిపోతుంది. ఈ రోజే ఫొటో తీసిపెట్టుకుని, చీటీని ఒక మామూలు కాగితపు కవర్లో పెట్టి, బాబు పాస్‌పోర్ట్‌లో ఉంచు.